పాలెంత? డికాక్షనెంత?

(పెన్షనర్ల దినోత్సవం నాడు మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17వ తేదీన మనం కలుసుకొనేది పెన్షను గురించి మాట్లాడుకోవడానికి. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును గురించి నాకు ముందు మాట్లాడిన పెద్దలు సవివరంగా చెప్పారు. కరువు భత్యం సంగతి కార్యదర్శిగారు చెప్పారు. భోజనాలు సిద్ధం కావడానికి ఇంకా అరగంట పడుతుందట. అందుచేత ఈ అరగంటా కాఫీ గురించి మాట్లాడమని నన్ను ఆదేశించారు. కడుపు ఖాళీగా ఉన్నవారి ముందు కాఫీ ప్రసంగం చేయడం న్యాయమో కాదో మీరే ఆలోచించండి.

ఈ విషయం ఎందుకు వచ్చిందో మనవి చేస్తాను. పోయిన నెల సమావేశంలో మన సభ్యులొకరు ఒక ముచ్చట చెప్పారు. వారి పేరు చెప్పను. మనవడి పుట్టినరోజని పిల్లలు ఆయన్ని ఒక పెద్ద మాలుకు తీసుకువెళ్ళారట. అక్కడి కాఫీ దుకాణంలో బోర్డు మీద ‘ఎస్ప్రెసో’ అని కనబడగానే, ఇది మన పెళ్ళిళ్ళలో ఇచ్చే నురగల కాఫీయే కదా అని అదే తెమ్మన్నారట. వచ్చింది ఉగ్గుగిన్నె అంత కప్పు. అందులో అడుగున రెండు గుక్కల నల్లటి కషాయం. ధర రెండు వందలకు దగ్గర. “పాలేవి బాబూ?” అంటే ఆ కుర్రాడు “ఎస్ప్రెసోలో పాలుండవు సార్” అన్నాడట. మనవడు సిగ్గుపడి పక్కకు చూశాడట. అందరం నవ్వుకున్నాం, ఆయనా నవ్వారు. కాని చివర్న ఆయన, “ఇక పిల్లలతో అలాంటి చోట్లకు వెళ్ళదలచుకోలేదండీ” అన్నారు. నాకు ఆ మాట దగ్గర నవ్వు ఆగిపోయింది. వయసు మీద పడిన కొద్దీ మనం వెళ్ళే చోట్లు ఎటూ తగ్గిపోతున్నాయి. ఒక కాఫీ పేరు తెలియక ఇంకొక చోటు తగ్గిపోవడం ఏమిటి?

ఇందులో ఆయన తప్పు లేదు, ఆ కుర్రాడి తప్పూ లేదు. ఒకే పేరు రెండు వేరు వేరు వస్తువులకు పెట్టడం వల్ల వచ్చిన చిక్కు ఇది. దాన్ని విప్పడానికి నాకున్న అర్హతలు రెండు. ఒకటి, ఉద్యోగమంతా ఆవిరితోనూ పీడనంతోనూ కాపురం చేశాను. ఎస్ప్రెసో యంత్రమంటే పొట్టి బాయిలరే. రెండు, అమెరికాలో ఉన్న మా మనవరాలు కాలేజీలో చదువుకుంటూ శని, ఆదివారాలు ఒక కాఫీ దుకాణంలో పనిచేసింది. మేము అక్కడ ఉన్న నాలుగు నెలలూ, మా అమ్మాయి వంటింట్లో మందు కొలిచే గ్లాసు పెట్టుకుని, ఒక్కొక్క కాఫీ కలిపి చూపించి మరీ నాకు పాఠం చెప్పింది. ముప్ఫై ఏళ్ళు అప్రెంటిసులకు పాఠం చెప్పిన నేను ఆ అమ్మాయి దగ్గర బుద్ధిగా నోట్సు రాసుకున్నాను.

ముందు యంత్రం సంగతి. ఇటలీలో 1884లో టూరిన్ పట్టణవాసి ఆంజెలో మోరియొండో ఆవిరితో కాఫీ తీసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1901లో మిలాన్‌కు చెందిన లుయీజీ బెజ్జెరా దాన్ని మార్చి, ఒక్కొక్క కప్పు విడివిడిగా దింపే విధంగా చేశాడు. ఆ పేటెంటును డెసిడేరియో పవోని కొని, 1905 నుంచి యంత్రాలు తయారుచేసి అమ్మాడు. ఎస్ప్రెసో అనే ఇటాలియన్ మాటకు నొక్కి తీసినది అని అర్థం. అప్పటికప్పుడు మీ కోసమే చేసినది అనే అర్థం కూడా చెబుతారు. మనవాళ్ళు దాన్ని ‘ఎక్స్‌ప్రెసో’ చేసి ఎక్స్‌ప్రెస్ రైలుకు తగిలించారు. అదీ పూర్తిగా తప్పేమీ కాదు లెండి, త్వరగా అవుతుందనే అర్థం అందులోనూ ఉంది.

కాని ఆ తొలి యంత్రాల్లో ఒక లోపం ఉండేది. నీటిని తోసేది ఆవిరి. ఆవిరి పీడనం మహా అయితే కిలోన్నర. అంతకంటే పెంచితే ఏమవుతుందో మనకు తెలుసు: పీడనంతో పాటు వేడీ పెరుగుతుంది, కాఫీ పొడి మాడుతుంది, చేదెక్కుతుంది. పీడనం కావాలి గాని వేడి పెరగకూడదు. ఇదీ సమస్య. దీన్ని పరిష్కరించినవాడు మిలాన్‌కే చెందిన అకీలె గాజ్జా. 1938లో ఒక పేటెంటు తీసుకున్నాడు. యుద్ధం ముగిశాక స్ప్రింగు, పిస్టను ఉన్న పిడి యంత్రం తెచ్చాడు. ఇక ఆవిరితో పని లేదు. మరగని వేడి నీటిని పిస్టను నొక్కుతుంది. పీడనం ఒక్కసారిగా తొమ్మిది కిలోల దాకా వెళ్ళింది. అప్పుడే కాఫీ మీద తేనెరంగు నురగ మొదటిసారి కనిపించింది. దానికి ‘క్రేమా’ అని పేరు. అది పాల నురగ కాదు. కాఫీ గింజలో ఉండే నూనెలు, వేయించినప్పుడు గింజలో చిక్కుకున్న బొగ్గుపులుసు వాయువు ఆ పీడనానికి కలిసి బయటపడడం వల్ల వచ్చేది. 1961లో ఫాయెమా అనే కంపెనీ పిడి తీసేసి విద్యుత్ పంపు పెట్టింది. ఆ ఏడాది వచ్చిన సూర్యగ్రహణం పేరిట ఆ యంత్రానికి ‘ఇ-61’ అని పేరు పెట్టారు. గ్రహణం రోజున మనం పొయ్యి ముట్టించం, వాళ్ళు కాఫీ యంత్రానికే దాని పేరు పెట్టారు!

వంద కిలోలకు పైబడిన ఆవిరితో టర్బైన్లు తిప్పిన మనకు తొమ్మిది కిలోలు ఒక లెక్కా అనుకోవచ్చు. కాని మన ఇంటి ప్రెషర్ కుక్కరులో ఉండేది ఒక కిలో. దానికి తొమ్మిది రెట్లు పీడనం గుప్పెడు పొడి మీద పడుతున్నదన్నమాట. లెక్క ఇలా ఉంటుంది: ఉప్పు పొడి లాగా మెత్తగా ఆడించిన కాఫీ పొడి ఏడు గ్రాములు, తొంభై డిగ్రీలకు కాస్త పైన ఉన్న నీరు, తొమ్మిది కిలోల పీడనం, ఇరవై ఐదు నుంచి ముప్ఫై సెకన్లు. దిగేది ముప్ఫై మిల్లీలీటర్లు, అంటే రెండు పెద్ద చెంచాలు. అదే ఎస్ప్రెసో. దుకాణాల భాషలో ‘ఒక షాట్’. రెట్టింపు పొడితో రెట్టింపు తీస్తే డబుల్ షాట్. ఇంకొకటి గుర్తుంచుకోండి, అక్కడి కాఫీలన్నిటికీ మూలధాతువు ఇదే. మనకు డికాక్షను ఎలాగో వాళ్ళకు ఎస్ప్రెసో అలాగ.

మరి మన పెళ్ళిళ్ళలో, రైల్వే స్టేషన్లలో, ఎగ్జిబిషన్లలో పెద్ద స్టీలు డ్రమ్ము లాంటి యంత్రం పక్కన నిలబడి, గొట్టం పాల పాత్రలో ముంచి బుస్సుమనిపించే కాఫీ ఏమిటి? అందులో కాఫీ గింజల మీద పీడనమే లేదు. ఉన్నది కరిగే కాఫీ పొడి, పంచదార, పాలు. ఆ యంత్రం చేసే పనల్లా పాలను ఆవిరితో వేడి చేసి నురగ పుట్టించడం. పైన చిటికెడు కోకో పొడి చల్లుతారు. ఇటలీ యంత్రానికి రెండు పనులు ఉంటే, ఒకటి కాఫీ తీయడం, రెండోది పాలు నురగెత్తించడం, మనవాళ్ళు రెండో పనిని మాత్రం ఉంచుకుని మొదటి పని పేరు పెట్టారు. కాబట్టి మన పెళ్ళి ఎక్స్‌ప్రెసోకు మాలులో దగ్గరి చుట్టం ఎస్ప్రెసో కాదు, కాపుచినో. ఆ మాట చెప్పి ఉంటే మన మిత్రులకు వారు కోరుకున్నదే వచ్చి ఉండేది. అలాగని మన ఎక్స్‌ప్రెసోను చిన్నబుచ్చను. మాఘమాసపు పెళ్ళిలో తెల్లవారుజాము ముహూర్తానికి, మంచులో, కాగితపు కప్పులో అది ఇచ్చే ఊరట ఏ మిలాన్ కాఫీ ఇవ్వదు.

ఇక పాల కాఫీలు. బోర్డు మీద పది పేర్లు ఉంటాయి. భయపడనక్కరలేదు. ప్రతి పేరుకూ మూడు ప్రశ్నలు వేసుకుంటే సరిపోతుంది: డికాక్షనెంత? పాలెంత? నురగెంత?

కాపుచినో అంటే ఒక షాటు, దానికి నూట ఇరవై మిల్లీలీటర్ల దాకా పాలూ నురగా. మొత్తం కప్పు నూట యాభై, నూట ఎనభై ఉంటుంది. నురగ మందంగా, చెంచాతో తీసుకుని తినేటట్టు ఉంటుంది. కాపుచిన్ అనే క్రైస్తవ సన్యాసుల గోధుమరంగు అంగీని బట్టి ఆ పేరు వచ్చింది. మొదట వియన్నాలో ఆ రంగు కాఫీకి ఆ పేరుండేది. ఇటలీవారు దీన్ని పొద్దుటి పూట మాత్రమే తాగుతారు. భోజనం తరువాత కాపుచినో అడిగితే, మనం పెరుగన్నం తిన్నాక ఉప్మా అడిగినవాణ్ణి చూసినట్టు చూస్తారట.

లాటేలో అదే ఒక షాటుకు పాలు రెండు వందలు, రెండు వందల యాభై మిల్లీలీటర్లు. నురగ మాత్రం వేలెడు మందం కూడా ఉండదు, పలుచటి పొర. దాని మీదే ఆకులు, గుండె బొమ్మలు వేసి ఇస్తారు. మా మనవరాలు నా కప్పు మీద ఎప్పుడూ ఆకు వేసేది, వాళ్ళ అమ్మమ్మ కప్పు మీద మాత్రం హంస! లాటే అంటే ఇటాలియన్‌లో వట్టి పాలు అని అర్థం. ఇటలీలో ‘లాటే’ అని ఊరుకుంటే గ్లాసుడు పాలు తెచ్చి పెడతారు, ‘కఫే లాటే’ అనాలి. కాఫీ ఘాటు పడని వారికి, కడుపులో మంట వచ్చేవారికి లాటే మెత్తగా ఉంటుంది. నా మటుకు నాకు అది కాఫీ వాసన చూపించిన పాలు. స్ట్రాంగు కాఫీ అలవాటైన వారు లాటే తీసుకుంటే ఇదేం కాఫీ అనుకోవడం ఖాయం.

ఈ రెంటికీ మధ్యది ఫ్లాట్ వైట్. కాపుచినో అంత కప్పు, లాటే అంత పలుచటి నురగ, తరచు రెండు షాట్లు. పాలు తక్కువ గనుక కాఫీ రుచి బాగా తెలుస్తుంది. 1980లలో పుట్టింది. మాదంటే మాదని ఆస్ట్రేలియావారు, న్యూజిలాండువారు ఇప్పటికీ పేచీ పడుతున్నారు, మన రసగుల్లా కోసం బెంగాలువారు, ఒడిశావారు పడినట్లు.

మకియాటో అంటే మరక పడినది. ఎస్ప్రెసో మీద ఒక చెంచాడు పాల నురగ, అంతే. అయితే అమెరికా పద్ధతి దుకాణాల్లో కారమెల్ మకియాటో అని ఉంటుంది. అది దీనికి పూర్తిగా విరుద్ధం, పాలూ పాకమూ ఎక్కువ. చక్కెర వ్యాధి ఉన్నవారు ఆ ‘కారమెల్’ అనే మాట చూసి ఆగండి. కోర్టాడో స్పెయిన్ దేశపుది, కాఫీ, పాలు సగం సగం. అమెరికానోలో పాలు ఉండవు. ఎస్ప్రెసోలో వేడినీళ్ళు పోసినది. మోకా అంటే లాటేలో చాక్లెట్ కలిపినది. యెమెన్ దేశంలో పూర్వం కాఫీ ఎగుమతి చేసిన రేవు పేరు అది. మనవలు అడిగేది ఎక్కువగా ఇదే.

నురగ గురించి ఒక్క మాట. పాలలోని మాంసకృత్తులు గాలి బుడగల చుట్టూ పొరలా పట్టుకోవడం వల్ల నురగ నిలుస్తుంది. ఇందుకు అరవై, అరవై ఐదు డిగ్రీల వేడి సరిపోతుంది. డెబ్బై దాటితే నురగ విరుగుతుంది, పాలకు కాగిన వాసన వస్తుంది, తీపి తగ్గినట్టు ఉంటుంది. అందుచేత వాళ్ళు పాలు పొంగు రానివ్వరు. పొంగు రాకుండా దింపిన పాలు మనకు పచ్చి పాలతో సమానం! అందుకే అక్కడి కాఫీ మన పెద్దలందరికీ చల్లారినట్టు అనిపిస్తుంది. వాళ్ళు నిర్లక్ష్యంగా ఇచ్చారని కోపం తెచ్చుకోకండి. ‘ఎక్స్‌ట్రా హాట్’ అని ముందే చెబితే ఇంకాస్త వేడి చేసి ఇస్తారు. నురగ కొంచెం తగ్గుతుంది, నష్టం లేదు.

మరి మన ఫిల్టరు కాఫీ ఎక్కడ నిలుస్తుంది? మన ఫిల్టరులో పనిచేసేది భూమ్యాకర్షణ ఒక్కటే. బరక పొడి, మరిగిన నీళ్ళు, మూత పెట్టి ఓపిక పట్టడం. తొమ్మిది కిలోల పీడనం అర నిమిషంలో చేసే పనిని మన ఫిల్టరు అరగంటలో చేస్తుంది. చికోరీ కలిస్తే పొడి నీటిని పట్టుకుని ఇంకా నెమ్మదిగా దిగుతుంది, డికాక్షను చిక్కగా, నల్లగా వస్తుంది. చికోరీలో కెఫీన్ ఉండదు. మన చట్టం ప్రకారం ఆ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. పొట్లం మీద ఎంత పాలో రాసి ఉంటుంది, కళ్ళజోడు పెట్టుకుని చూడండి. ఇక కలపడానికి వస్తే, నలభై మిల్లీలీటర్ల డికాక్షను, వంద మిల్లీలీటర్ల చిక్కటి పాలు, గ్లాసులోంచి డబరాలోకి మూరెడు ఎత్తు నుంచి తిరగబోస్తే వచ్చే నురగ. మూడు ప్రశ్నలూ వేసి చూడండి. జవాబు దాదాపు కాపుచినోకు వచ్చినట్టే వస్తుంది. ఆవిరి గొట్టం లేకుండా నురగ తెప్పించడం మన చేతివాటం. మా మనవరాలికి ఆ తిరగబోయడం నేర్పాను. మూడు రోజులు వంటింటి గట్టంతా కాఫీ అయింది.

ఇంకో సంగతి వింటే మీకు సంతోషం కలుగుతుంది. కాఫీ గింజల్లో అరబికా, రొబస్టా అని రెండు రకాలు. రొబస్టా ఘాటు, కెఫీన్ దాదాపు రెట్టింపు, నురగ బాగా వస్తుంది. మన దేశంలో పండేది ఎక్కువగా రొబస్టాయే, దాన్ని ఎక్కువగా కొనే దేశాల్లో ఇటలీ ఏళ్ళ తరబడి ముందు వరుసలో ఉంది. ఇటలీవాడు తాగే ఎస్ప్రెసో మీది తేనెరంగు నురగలో కొడగు కొండల గింజ ఉండవచ్చు. అరబికాకు వస్తే మన అరకు ఉండనే ఉంది. గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, ఆ చెట్లకు మిరియాల తీగలు పాకించి పండించే ఆ కాఫీకి 2017లో పారిస్ నగరంలో దుకాణమే వెలిసింది, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇప్పుడు మనకు అన్నిటికంటే ముఖ్యమైన భాగానికి వస్తాను, ఆరోగ్యం.

చాలామంది కప్పు పెద్దదైతే కెఫీన్ ఎక్కువని అనుకుంటారు. కెఫీన్ కప్పును బట్టి ఉండదు, షాట్లను బట్టి ఉంటుంది. ఒక షాటులో సుమారు అరవై, డెబ్బై మిల్లీగ్రాములు. అది ఉగ్గుగిన్నెలో ఉన్నా అంతే, లాటేలో పాలలో కలిసినా అంతే. పెద్ద కప్పు అడిగితే రెండు షాట్లు పోస్తారు, అప్పుడు రెట్టింపు. కప్పుల పేర్లలోనూ మాయ ఉంది. స్టార్‌బక్స్ వారి దుకాణాల్లో ‘టాల్’ అంటే పొడుగు అని అర్థం, కాని బోర్డు మీద అది చిన్న కప్పు, మూడు వందల యాభై మిల్లీలీటర్లు! దానికంటే చిన్నది ‘షార్ట్’ ఉంటుంది, చాలాచోట్ల అడిగితేనే ఇస్తారు. అడగండి.

మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు మించవద్దని చెప్పారు. నూట యాభై మిల్లీలీటర్ల డికాక్షను కాఫీలో 80 నుంచి 120, కరిగే పొడి కాఫీలో 50 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటాయని లెక్క. పొద్దున్నే రెండు, పదకొండింటికి ఒకటి, సాయంత్రం ఒకటి, మధ్యలో ఎవరైనా వస్తే ‘సగం’ అని ఒకటి. ఆ సగాలన్నీ కూడితే ఎంతవుతుందో మీరే కూడుకోండి. భోజనానికి గంట ముందూ గంట తరువాతా కాఫీ, టీలు వద్దని కూడా అందులో ఉంది. తిన్న ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టనివ్వవట. రక్తం తక్కువని మాత్రలు మింగే మన ఆడవారు ఇది గమనించాలి.

కెఫీన్ ఒంట్లోకి వెళ్ళాక అందులో సగం పోవడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం అయిదింటికి తాగినదానిలో సగం రాత్రి పదింటికి మనతో పాటు పక్క మీదికి వస్తుంది. నిద్రమాత్ర అడిగేముందు సాయంత్రం కాఫీని మూడు గంటలకు జరిపి చూడండి. రక్తపోటు చూపించుకోవడానికి వెళ్ళేముందు అరగంట కాఫీ తాగకండి, అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు.

చక్కెర వ్యాధి ఉన్నవారు ‘పంచదార లేదు కదా’ అని పెద్ద లాటే తాగుతారు. రెండు వందల యాభై మిల్లీలీటర్ల పాలలో సహజంగా ఉండే పాల చక్కెరే పన్నెండు గ్రాములు. అది పంచదారంత వేగంగా రక్తంలోకి ఎక్కకపోవచ్చు, కాని లెక్కలోకి మాత్రం వస్తుంది. టోన్డు పాలతో చేసినా అది నూట యాభై కాలరీలు, అంటే ఒక చిన్న టిఫిను. తాగవద్దని అనను. తాగితే టిఫినులో అంత తగ్గించండి. కాపుచినో అయితే పాలు అందులో సగమే.

ఇప్పుడు మా అక్కయ్య సంగతి చెబుతాను. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్ళు. థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. పొద్దున్న లేచి, ముఖం కడుక్కుని, కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకుని, మొదటి గుక్కతో మాత్ర మింగేది. ఇరవై ఏళ్ళ అలవాటు. ఒళ్ళు బరువు, నీరసం, ఎప్పుడు చూసినా చలి. మనిషి పెద్దదైపోయింది, ఇక ఇంతేనని మేమంతా సరిపెట్టుకున్నాం. రెండుసార్లు మాత్ర మోతాదు పెంచారు, అయినా పరీక్షలో అంకె దిగలేదు. చివరికి ఒక డాక్టరమ్మ, “మాత్ర దేనితో వేసుకుంటున్నారమ్మా?” అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న అంతవరకు ఎవరూ అడగలేదు. కాఫీ ఆ మందును ఒంటికి పూర్తిగా పట్టనివ్వదు, పాలలోని కాల్షియమూ అడ్డు తగులుతుంది. మంచినీళ్ళతో వేసుకుని గంట ఆగి కాఫీ తాగమంది. మొదటి వారం ఆ గంటసేపు అక్కయ్య గడియారాన్ని చూసిన చూపు చూస్తే ఎవరికైనా జాలేసేది. రెండు నెలల తరువాత పరీక్షలో అంకె దారికి వచ్చింది. ఆ తరువాత పెంచిన మోతాదును డాక్టరమ్మే మళ్ళీ తగ్గించింది. ఇప్పుడు వీధి చివర గుడిదాకా నడిచి వస్తోంది. మీలో థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. ఇంటికి వెళ్ళాక మీరూ మీ డాక్టరును ఈ ప్రశ్న అడగండి.

ప్రసంగం ముగిశాక కొందరు ప్రశ్నలు అడిగారు. వాటికి నేను చెప్పిన జవాబులు కూడా చేర్చమని సంపాదకులు కోరారు.

‘డికాఫ్’ అంటే ఏమిటని ఒకరు అడిగారు. గింజలు వేయించకముందే కెఫీన్ తీసివేసిన కాఫీ అది. రవ్వంత మిగిలే ఉంటుంది. నిద్ర పట్టనివారు సాయంత్రం తాగవచ్చు. ఏ పాల కాఫీనైనా డికాఫ్‌తో చేయమని అడగవచ్చు.

బయట కాఫీ దుకాణంలో ఏది అడగడం మంచిదని ఒక సోదరి అడిగారు. ఫిల్టరు కాఫీ అలవాటైనవారు చిన్న కాపుచినో, ఎక్స్‌ట్రా హాట్, పంచదార విడిగా అనండి. పాలు ఇష్టమైతే చిన్న లాటే. పాలు పడనివారు అమెరికానో. పేరు నోరు తిరగకపోతే బోర్డు మీద వేలు పెట్టి చూపించండి, సిగ్గుపడవలసిన పనేమీ లేదు. మా మనవరాలి దుకాణంలో అమెరికా వాళ్ళలోనే సగం మంది వేలితోనే చూపించేవారట.

ఇంట్లో కాపుచినో చేసుకోవాలంటే యంత్రం కొనాలా అని మరొకరు అడిగారు. అక్కరలేదు. పొయ్యి మీద పెట్టే మోకా పాత్ర అని 1933 నుంచి ఇటలీ ఇళ్ళలో ఉన్నది, మన బజారులోనూ దొరుకుతుంది. అందులో ఆవిరి పీడనం కిలో, కిలోన్నర మాత్రమే కనుక అది అసలు ఎస్ప్రెసో కాదు, అయినా చిక్కగా దిగుతుంది. అదీ లేకపోతే మన ఫిల్టరులో మొదటి డికాక్షను చాలు. పాలు పొంగు రాకముందే, గిన్నె అంచు వెంట చిన్న బుడగలు కనబడగానే దింపండి. లోతైన గిన్నెలో పోసి, మజ్జిగ చిలికే చిన్న కవ్వంతో ఒక నిమిషం గిరగిరా తిప్పండి. రెండు వేళ్ళ మందం నురగ వస్తుంది. డికాక్షను మీద ముందు పాలు పోసి, నురగను చెంచాతో ఆపి చివర్న జార్చండి. నురగ వెంటనే కూలిపోతే పాలు మరీ కాగిపోయాయని అర్థం, మరునాడు కొంచెం ముందుగా దింపండి.